మేస్త్రి చేసుకోనన్న పరీక్ష

గుడియాత్తం వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు: వేలూరులో రాధకు ఏదో సూది వేశారు, అందుకే నాలుగో కడుపు నిలిచిందని. అబద్ధం. ఏ సూదీ వేయలేదు. నేను అక్కడే ఉన్నాను.

అది 1994. వేలూరులో ఒక ఆసుపత్రి స్త్రీల ఓపీలో నర్సును. రాధకు (పేర్లు మార్చాను) మూడు గర్భాలు వరుసగా పోయాయి. ఇలా పదేపదే పోవడానికి గర్భసంచి ఆకారం కారణం కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, నెత్తురు గడ్డకట్టే స్వభావం కావచ్చు. చాలామందిలో ఏదీ దొరకదు. రాధ పరీక్షల్లోనూ ఏదీ దొరకలేదు. అత్త మునెమ్మ మాత్రం తీర్పు ముందే చెప్పేసింది.

"ఇది ఓటి తొట్టి సిస్టరమ్మా. దీని చెల్లెలుండాది, దాన్ని నా కొడుక్కి చేసుకుంటాము. ఇదీ ఇంట్లోనే ఉంటాది, తరిమేస్తామా ఏమి?"

డాక్టరమ్మ భార్యాభర్తలిద్దరికీ కార్యోటైప్ రాసింది. నెత్తురు తీసి క్రోమోజోములు చూసే పరీక్ష అది. రాధ భర్త గోపి ఇళ్లు కట్టే మేస్త్రి. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"కడుపు పోయేది దానికి. నా నెత్తురు యాలమ్మా?"

"గోడ పగిలితే ఇటుకే చూస్తావా నాయనా, సిమెంటు చూడవా?" అన్నాను నేను.

"నా సిమెంటుకేమి?"

"అదే చూద్దామంటున్నా. చాపు."

కొన్ని వారాలకు రిపోర్టు వచ్చింది. తేడా గోపిలోనే తేలింది. ట్రాన్స్‌లొకేషన్ అంటారు, రెండు క్రోమోజోముల ముక్కలు చోట్లు మారి ఉంటాయి. ఏదీ తగ్గలేదు కనుక అతనికి జబ్బు లేదు. బిడ్డకు ఆ ముక్కలు ఎక్కువతక్కువగా అందితే గర్భం చాలాసార్లు నిలవదు, సరిగా అందితే నిలుస్తుంది. మందు లేదు. చెల్లెల్ని చేసుకున్నా ఇంతే.

అది విన్నాక ముందు మాట్లాడింది రాధే.

"మా అత్తకు చెప్పొద్దు సిస్టరమ్మా. నాకు సూది వేసినామని చెప్పండి."

"పిచ్చా నీకు? అబద్ధం నేను చెప్పను."

"సరే, నేనే చెప్పుకుంటా. ఈయన పనోళ్ల ముందర తలెత్తుకోవాల గదా." మొగుడి వైపు తిరిగింది. "చెల్లెలి మాట మాత్రం నువ్వే ఆపాల."

గోపి బయటికెళ్లి, అక్కడ కూర్చున్న తల్లితో అన్నాడు: "ఆ పిల్ల ఊసు ఇంకెత్తొద్దు."

"ఏమిరా?"

"వద్దంటే వద్దు."

అంతే. ఆ తర్వాత నిలిచిన బిడ్డ ఆడపిల్ల, ఆరోగ్యంగా పుట్టింది.

అప్పటినుంచి గర్భాలు పోతున్నాయని ఆడమనిషి ఒక్కతే వచ్చి కూర్చుంటే, "మీ ఆయన యాడ?" అని ముందే అడుగుతాను. నేర్చుకున్నది అది. అర్థం కానిది ఒకటుంది. తప్పు తనది కాదని తేలిన రోజునే రాధ ఆ నిందను తన మీదే ఎందుకు ఉంచుకుంది?