అక్క పెట్టిన రెండు పాళ్లు

ముప్పై ఏళ్ల కిందట మా అక్కకు ఒక ముందుమాట రాసిస్తానని మాట ఇచ్చాను. రాయలేదు. పోయిన నెల హనుమకొండ ఆసుపత్రి నుంచి మేనకోడలు ఫోన్ చేసి "మామా, అమ్మ పోయింది" అన్నప్పుడు నేను జనగామలో మా ఇంట్లో ఉన్నాను. పది రోజులు ఆసుపత్రిలోనే ఉండి, ఉతికిన బట్టలు తెచ్చుకుందామని ఒక్క పూటకు వచ్చిన రోజు అది. ఫోన్ పెట్టేశాక కూడా సంచి సర్దడం ఆపలేదు. సర్దుతూ సర్దుతూ ఆ ముందుమాట గురించే ఆలోచించాను. మనిషి పోయిన వార్త వినగానే ఇలాంటి సంగతులే ఎందుకు గుర్తొస్తాయో తెలియదు. చాలా పుస్తకాలు చదివాను. ఎవరూ సరిగా చెప్పలేదు.

అక్క మరిపెడ దగ్గర ఒక చిన్న బడిలో పంతులమ్మగా పనిచేసి రిటైరైంది. బావ పోయాక భూపాలపల్లిలో ఉద్యోగం చేసే కూతురి దగ్గరికి చేరింది. నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పినవాణ్ణి. పిలిస్తే వేదికలు ఎక్కేవాణ్ణి, పిలవకపోతే అలిగేవాణ్ణి. మా ఇద్దరిలో రాసే మనిషి ఎవరంటే అందరూ నన్నే చూపించేవారు. నేను కూడా నన్నే చూపించుకునేవాణ్ణి.

బడిలో ఉండగా ఆమె ఒక లావుపాటి నోటుబుక్కులో కథ రాసింది. ప్రతి పేజీ చివర రెండు దారులు. వాగు దాటుతానంటే పద్నాలుగో పేజీకి పో. గట్టు మీదనే ఆగుతానంటే ఇరవై రెండో పేజీకి పో. పిల్లలు అన్నం గిన్నెలు పక్కన పెట్టి దాని చుట్టూ మూగేవారట. అచ్చు వేయిద్దామని ఆ నోటుబుక్కు జనగామ తెచ్చి నాకిచ్చింది. "ముందుమాట నువ్వే రాయాలె తమ్మీ" అంది. "తప్పకుండ" అన్నాను.

ఆ సాయంత్రమే మా సాహితీ సంఘం అధ్యక్షుడు ఇంటికొచ్చి దాన్ని తిరగేశాడు. అప్పట్లో నాకు ప్రాణమిత్రుడు. "ముగింపు రాయ చేతగానోళ్లే గిట్ల రాస్తరన్నా. ఇది కథ గాదు, పచ్చీసు ఆట" అన్నాడు. నేను నవ్వాను. నవ్వాక ఇక రాయలేకపోయాను. ఒక ప్రచురణకర్తకు పంపితే, యాస తీసేసి మళ్లీ పంపమని జాబు రాశాడు. అక్క ఆ జాబు చదివి, "యాస తియ్యాల్నంటె నాలుక గూడ తియ్యాలె గద" అని నోటుబుక్కును ట్రంకు పెట్టెలో పెట్టేసింది. ముందుమాట సంగతి నన్ను రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు.

చాలా కాలానికి, ఫోన్లు చేతికొక్కటి అయ్యాక, మేనకోడలు ఆ కథను ఫోనులోకి ఎక్కించింది. నాలుగు పేరాలు చదివాక కథ ఆగి, ఇప్పుడేం చేస్తావని మనల్నే అడుగుతుంది. కింద రెండు వాక్యాలు ఉంటాయి. ఒకదాని మీద వేలు పెడితే కథ అటు పోతుంది. రెండోవైపు ఏముండేదో ఇక తెలియదు. వెనక్కి రావడానికి వీలుండదు. వెనక్కి వచ్చే వీలు పెడదామన్న మేనకోడలితో అక్క కొట్లాడింది. వయసు డెబ్బైకి వస్తున్నప్పుడు మొదలుపెట్టి, పోయేనాటికి అలాంటివి పదకొండు ఆటలు రాసింది.

మా వైపు అన్నదమ్ములు భూమి పంచుకునేటప్పుడు ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు పాళ్లు పెడతాడు, చిన్నవాడు ముందుగా కోరుకుంటాడు. తనకు ఏది మిగులుతుందో తెలియదు కనుక పెద్దవాడు రెండూ సమానంగా పెట్టి తీరాలి. ఆడపిల్ల అని అక్కకు ఆ పంపకంలో ఎవరూ ఏమీ పెట్టలేదు. ఆ పద్ధతిని మాత్రం ఆమె పట్టుకుపోయింది. "నేను పాళ్లు పెట్టేదాన్ని, ఆడెటోళ్లు కోరుకునెటోళ్లు. ఒక పాలు బరువుంటె అది పంపకం గాదు, మోసం" అనేది.

బరువు చూడటానికి ఆమెకు ఒక తీరు ఉండేది. భూపాలపల్లిలో వాళ్ల ఇంటి ముందు నుంచే అంగడికి దారి. సంచులతో తిరిగొచ్చే ఆడవాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, కథ ఎక్కడ చీలుతుందో అక్కడిదాకా చెప్పేది. ముందు రెండు రేకు డబ్బాలు. ఎవరు ఏ దారిన పోతారో ఆ డబ్బాలో ఒక చింతగింజ వేయాలి. పది మందిలో ఏడుగురు ఒకవైపే వేస్తే ఆ చీలికను కొట్టేసి మళ్లీ రాసేది.

"ఏందమ్మా గిది, ఓట్లా?" అని అడిగింది ఒకామె.

"ఓట్లే. గెలుసుడు ఉండదు, గంతే."

అలా రాసిన వాటిలో మిరప కల్లం ఆట ఒకటి. నువ్వు మానుకోట దగ్గర ఒక కూలి మనిషివి. కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. మబ్బు కమ్ముతోంది. ఇంట్లో బిడ్డకు జ్వరమని కబురొచ్చింది. పరదా కప్పుతావా, ఇంటికి ఉరుకుతావా? పరదా కప్పితే, పక్కింటామె బిడ్డను దవాఖానకు తీసుకుపోతుంది. బిడ్డ బతుకుతుంది, కానీ ఆ రోజు నుంచి జ్వరమొస్తే పక్కింటామెనే పిలుస్తుంది. ఇంటికి ఉరికితే, వెళ్లేసరికి జ్వరం తగ్గి ఉంటుంది. కాయలు తడుస్తాయి. ఆ ఏడు నిన్ను పనికి ఎవరూ పిలవరు.

ఇది నేను దొంగచాటుగా ఆడాను. ఆడి, కోపమొచ్చి ఫోన్ చేశాను.

"రెండు దిక్కుల నష్టమే పెడితె ఎట్లక్కా? చదివెటోడు ఏం గావాలె?"

"ఏది నొక్కినవురా?"

"చెప్ప."

"చెప్పకు. సిగ్గు పడ్డవంటె మంచిగనే రాసిన్నన్నట్టు."

ఇంకోసారి నేను భూపాలపల్లిలో ఉండగా రేగొండ నుంచి ఒక రైతు వచ్చాడు. చెప్పులు వాకిట్లో విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "టీచరమ్మ ఫోన్ల ఎరుక చెప్తదన్నరు. ఈసారి మిరప పెట్టాల్నా, పత్తి పెట్టాల్నా? ఏది నొక్కమంటవమ్మా?" మేనకోడలు నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. అక్క నవ్వలేదు.

"అయ్యా, నేను రాసిన వానకు నీ చేను తడువది. పొయ్యి యవసాయం సారును అడుగు."

"అడిగిన. రెండూ మంచియే అన్నడు."

"నేను రెండూ చెడ్డయే అంట. ఏం జేస్తవు?"

ఆయన "నువ్వే నిజం చెప్పినవు తల్లీ" అని, చాయ తాగి వెళ్లిపోయాడు. ఆయన మలుపు తిరిగేదాకా అక్క చూస్తూనే ఉంది. "పాపం, ఎవలన్న ఒకలు చెప్తె ఆ బరువు దిగుతదని వచ్చిండు. మనకు గూడ గంతే గదరా" అంది. ఆ మాట నేను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు.

నా భార్య పోయి నాలుగేళ్లు. అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి అక్క ఫోన్. "తిన్నవా" అని అడిగేది కాదు. అది అందరూ అడుగుతారు. కొత్త చీలిక ఒకటి చెప్పేది. నేను వంకలు పెట్టేవాణ్ణి. ఆ వంకల కోసం పొద్దున్నుంచి ఎదురుచూసేవాణ్ణని ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. మిత్రులందరినీ ఒక్కొక్క కారణంతో దూరం చేసుకున్నవాణ్ణి. కారణాలన్నీ న్యాయమైనవే. ఇల్లు మాత్రం ఖాళీ.

ఆమె గుండెలో ఒక కవాటం పాడైంది. డాక్టరు మర్యాదస్తుడు, ఏదీ దాచలేదు. ఆపరేషన్ చేసి గట్టెక్కితే ఏళ్లు బతకవచ్చు. ఈ వయసులో గట్టెక్కకపోనూ వచ్చు. వద్దనుకుంటే మందుల మీద ఇంట్లోనే ఆరు నెలలో, ఏడాదో. అంతకన్నా తాను చెప్పలేనన్నాడు. వరండాలో మేనకోడలు నా చెయ్యి పట్టుకుంది. "నాతోని గాదు మామా. అమ్మ నిన్నే అడుగుమన్నది."

లోపలికి పోయాను. అక్క లేచి కూర్చుని ఉంది.

"రారా, కూసో. పాళ్లు పెట్టిన. ఒకటి కోత. దాటితె దాటినట్టు, లేకుంటె లేదు. ఇంకోటి ఇంటికి పోవుడు. ఎన్నొద్దులో తెల్వది. రెండు సరిసమానం జేసిన. చిన్నోనివి, కోరుకో."

"గిది ఆట గాదక్కా."

"నాకెరుకే. ఆటైతె నిన్నెందుకు అడుగుత? నీకు ఆడరాదు."

"నీకేది ఇష్టమో చెప్పు."

"పాళ్లు పెట్టినోళ్లను అట్ల అడుగద్దు."

ఆపరేషన్ చేయించుకొమ్మన్నాను. చాలా కారణాలు చెప్పాను. డాక్టరు మంచివాడన్నాను, ఈ రోజుల్లో ఇది మామూలన్నాను. అసలు కారణం చెప్పలేదు. ఆరు నెలలు నాకు చాలవు. ఆమె బాగై లేస్తే జనగామ తీసుకుపోవాలని, ముందు గదిలో ఆమె రాసుకుంటుంటే పక్క గదిలో నేను చదువుకోవాలని లోపల్లోపల అనుకుంటూ వచ్చాను. "సరే" అంది. "జర మజ్జిగ తాగబుద్ధయితుంది. సిస్టరును అడుగు."

ఆపరేషన్ బాగానే జరిగింది. చేయవలసినదంతా చేశారు. గుండె మాత్రం మెల్లమెల్లగా ఊరుకుంది. పదకొండో రోజు పొద్దున, నేను లేని పూట, పోయింది.

జనగామలో సంతాప సభ పెట్టారు. ఎవరు పెట్టారో మీరు ఊహించే ఉంటారు. ఆ అధ్యక్షుడే. ఇప్పటికీ అధ్యక్షుడే. మా అక్క కొత్త తరం సాహిత్యానికి దారి చూపిన మనిషి అన్నాడు. ఆమె ఆటలు మన నేల మీద పూసిన పూలన్నాడు. నేను ముందు వరసలో నుంచి లేచాను.

"ఒక్కసారన్న ఆడినవా?"

"ఆడిన గానీ... పూర్తిగాలేదన్నా."

"అది ఎవలకూ పూర్తిగాదు, ఒక దారి మిగులుతది. ఏ దారిల ఆపినవు?"

ఆయన గ్లాసెడు నీళ్లు తాగాడు. తరువాతి వక్తను పిలిచాడు. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు పశ్చాత్తాపం లేదు. అయితే నిజం చెప్పాలి కనుక చెబుతున్నాను. ఆనాడు పచ్చీసు అన్నది ఆయన, నవ్వింది నేను. అక్క ఆ నవ్వు వంటింట్లో నుంచి వింది. ఆ రాత్రికి ఉండకుండా తన ఊరికి పోయే మానుకోట బండెక్కింది.

దినాలు అయిపోయిన మర్నాడు మేనకోడలు భూపాలపల్లి ఇంట్లో అక్క చీరలు మడత పెడుతోంది. నేను పక్కన కూర్చుని ఉన్నాను. అంచులు సరిచేస్తూనే, తలెత్తకుండా అడిగింది.

"మామా, ఒక ముచ్చట చెప్తె కోపం జేస్తవా?"

"చెప్పు బిడ్డా."

"అమ్మకు కోత ఇష్టం లేకుండె. దవాఖానకు పోకముందే అన్నది. ఇంటికాన్నే ఉంట, వాకిట్ల మంచమెయ్యి, చాలు అన్నది."

"మరి నాకెందుకు చెప్పలె?"

"చెప్పనియ్యలె. వాడు ఒక్కడే ఉంటుండు, వాని మనసుల ఏమున్నదో నాకెరుకే, వాడు కోరుకున్నదే కానియ్యి అన్నది. ఒట్టు పెట్టించుకున్నది మామా."

వీధిన పోయే ఆడవాళ్ల ముందు ఏడు చింతగింజలు ఒకవైపు పడితేనే రాసింది కొట్టేసే మనిషి, నా ముందుకొచ్చేసరికి సరిసమానం అని అబద్ధం చెప్పింది. ఒకవైపు తన ఇష్టమంతా దాచి పెట్టి, దాని మీద గుడ్డ కప్పి, కోరుకొమ్మంది. నేను గుడ్డ ఎత్తి చూడలేదు. చూస్తే ఏం చేసేవాణ్ణో ఇప్పుడు చెప్పడం తేలిక, అందుకే చెప్పను.

నీ తప్పేం లేదన్నా అని వచ్చినవాళ్లంతా అంటున్నారు. వాళ్లకు వివరాలు తెలియవు. డాక్టరు మీద నాకు ఏమీ లేదు. ఒట్టుకు కట్టుబడిన ఆ పిల్ల మీద అంతకన్నా లేదు. అధ్యక్షుడి సంగతి వేరు, అది సాహిత్యానికి సంబంధించిన పగ. ఇప్పుడు సాయంత్రం ఆరు కాగానే ఫోన్ ముందు పెట్టుకుని కూర్చుంటాను. కాసేపటికి లేచి దీపం వేస్తాను.

ఆ రోజు నేను ఆపరేషన్ అన్న తర్వాత, మజ్జిగ వచ్చేలోపు ఆమె కిటికీ బయటికి చూసింది. ఎదుటి మేడ మీద ఉతికిన ఆకుపచ్చ దుప్పట్లు వరుసగా ఆరేసి ఉన్నాయి. గాలికి అన్నీ ఒక్కసారే లేస్తున్నాయి, ఒక్కసారే వాలుతున్నాయి. ఆమె వాటిని చూస్తోంది. నేను గెలిచినవాడిలా ఊపిరి పీల్చుకుని, ఆమె ముఖం వైపు చూడనేలేదు. ఆమె ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. తన ఇంట్లో, తన వాకిట్లో, ఎన్నాళ్లయితే అన్నాళ్లు ఉండేది. అనలేదు. ఎవరి మీద నీకింకా కోపమని అడిగితే, మా అక్క మీదే.