పట్టుచీరతో పార్కింగులోకి

రాజమండ్రిలో బట్టల షాపులో సేల్స్‌మన్‌ని. కిందటి శ్రావణమాసంలో రద్దీగా ఉందని, డ్యూటీ అయ్యాక కూడా ఓనరుగారే మమ్మల్ని ఆపేశారు. టైము దాటిందని సెల్లార్లో పార్కింగు కాంట్రాక్టరు నా బండికి ఫైనేశాడు. ఓనరుగారికి చెప్తే, "అది వాళ్లిష్టమయ్యా" అన్నారు.

మర్నాడు పెళ్లివారికి పట్టుచీర నేనే చుట్టుకుని, కుచ్చిళ్లు దోపుకుని చూపిస్తున్నాను. ఫైను కట్టలేదని నా బండి చక్రానికి తాళం వేశారని తెలిసింది. ఒళ్లు మండి చీరతోనే కిందికి పరిగెత్తాను. జనం ఫోన్లు తీశారు. ఎంత బతిమాలినా కాంట్రాక్టరు వినలేదు.

"తీస్తేనే లేస్తానండి" అని బండి పక్కనే చతికిలబడ్డాను.

ఓనరుగారు ఆయాసపడుతూ దిగొచ్చి, "తాళం తీసెయ్యవయ్యా, చీరకి గ్రీజంటుకుంటుంది!" అని కాంట్రాక్టరు మీద అరిచారు. వెంటనే తీశాడు. ఫైను ఊసే ఎత్తలేదు.

నా కోసం ఊడని తాళం చీర కోసం ఊడింది. పైకెళ్లి ఆ చీర మడతపెట్టింది కూడా నేనే.