ఒళ్లో పెట్టించిన చేయి

2019 ఆగస్టు 6, మంగళవారం. జగిత్యాలలో ఖిల్లా వైపు కిటికీ ఉన్న నా గదికి మహబూబ్ భాయ్‌ని ఆయన బిడ్డ నస్రీన్ తీసుకొచ్చింది. నేను స్పీచ్ థెరపిస్టును. మాట పడిపోయినవాళ్లకు మళ్లీ మాట నేర్పడం అప్పటికి ముప్పై ఒక్క ఏళ్లుగా నా పని. ఆయన కుర్రతనంలో సిరిసిల్ల మరమగ్గాల షెడ్డులో పనిచేసి, తర్వాత పందొమ్మిదేళ్లు గల్ఫులో బట్టలు కుట్టారు. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, అక్కడి దుకాణంలో అరబ్బీ. ఏప్రిల్‌లో వచ్చిన స్ట్రోక్ మూడు భాషలనూ తాకింది. కుడిచేయి కూడా పడిపోయింది.

దీన్ని అఫేజియా అంటాం. తెలివి చెక్కుచెదరదు, చెప్పాలనుకున్నదీ ఉంటుంది, వాక్యమే కుదరదు.

"ఎట్ల వచ్చిండ్రు భాయ్?"

"బస్సు... వేములవాడ... ఎక్కు..." అని ఆగిపోయారు. తెలుగులో మాట తోక తెగి, మొదలు మిగులుతోంది.

"అరబ్బీల గిట్ల తెగదు మేడం," అంది నస్రీన్. మదర్సాలో అరబ్బీ చదివిన పిల్ల. "ఒకటి అనబోయి ఇంకోటంటడు. దారం అడుగుతా అని దర్జీ అంటడు."

దారం ఖైత్, దర్జీ ఖయ్యాత్. ఆ భాషలో మూడు హల్లులు పడుగులా నిలబడితే, అచ్చులు పేకలా వాటి మధ్య అల్లుకుంటాయని ఆ పిల్లే చెప్పింది. పేక తీసేస్తే పలకడానికి ఏమీ మిగలదు. అందుకే దెబ్బతిన్న నాలుక కూడా అక్కడ ఖాళీ వదలదు, వేరే పేక వేస్తుంది. ఆయన ఆ మాటలు మెల్లగా పలుకుతుంటే, కిటికీలోంచి వచ్చే ఎండలో దారాలు తేలుతున్నట్టు అనిపించేది.

నవంబరు మొదటి శుక్రవారం నస్రీన్ నిఖా. బిడ్డను ఇస్తున్నానని తండ్రి నలుగురిలో చెప్పాలి.

"చాచా చెప్తా అంటుండు. అబ్బ ఒప్పుకుంటలేడు," అంది.

మహబూబ్ భాయ్ ఎడమచేత్తో ఛాతీ తట్టుకున్నారు. "నేను... నేను."

మంగళ, శుక్రవారాలు, పన్నెండు వారాలు. రోజుకు ఇరవై వాక్యాలు, అందులో ఒకటి ఎప్పుడూ నిఖాలో చెప్పాల్సిందే. ఆయన మాట బదులు చేయి ఎత్తబోతే, "చేయి ఒళ్లో పెట్టుకోండ్రి భాయ్, నోటితోని రావాలె," అనేదాన్ని. మాట రాకపోతే నా కాగితంలో సున్నా.

"ఇంట్ల మస్తు ముచ్చట పెడ్తడు మేడం," అంది నస్రీన్ ఒకరోజు. "మీ దగ్గరనే బడి పోరని లెక్క కూసుంటడు."

నవ్వి, తర్వాతి వాక్యం ఇచ్చాను.

నిఖా సిరిసిల్లలో, జుమా నమాజు తర్వాత. ఆడవాళ్ల వైపు తెర సందులోంచి చూస్తున్నాను. ఖాజీగారు అడిగారు. మహబూబ్ భాయ్ నోరు తెరిచారు. పన్నెండు వారాలు సాధన చేసిన ఆ ఒక్క వాక్యం రాలేదు. బదులు చెప్తానన్న ఆయన తమ్ముడు లేవబోయాడు. పక్కనే నస్రీన్ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

ఆయన ఎడమచేయి లేచింది. ఛాతీ మీద ఆగింది, తెర వైపు తిరిగింది, అక్కడినుంచి నీళ్లు వంచినంత మెల్లగా పెళ్లికొడుకు ముందు తెరుచుకుంది. మగ్గాల మోతలో మాట వినపడదు కాబట్టి షెడ్డుల్లో చేతులతోనే మాట్లాడుకుంటారట. వెనక వరుసలో పాత షెడ్డు మనుషులు ఒక్కసారే అన్నారు: "ఇచ్చిన అంటుండు!"

"అరే, నాకు సమజ్ కాలేదనుకున్నరా? కూసోండ్రి," అన్నారు ఖాజీగారు వాళ్లతో. మహబూబ్ భాయ్ వైపు తిరిగి, "ఇచ్చినట్టేనా భాయ్?" అని అడిగారు. ఆయన తలూపారు. ఖాజీగారు రాసుకున్నారు. నస్రీన్ పట్టు సడలింది.

మర్నాడు ఆయన ఫైలు తీశాను. ఇరవై నాలుగు సిట్టింగులు, నాలుగు వందల ఎనభై వాక్యాలు, నూట పదమూడు సున్నాలు. మూడుసార్లు కూడి చూశాను, లెక్క తప్పలేదు. ఆ నూట పదమూడింటిలో ఎన్నిసార్లు ఆ చేయి లేవబోయిందో మాత్రం నేను రాసుకోలేదు.

ఆ తర్వాతి మంగళవారం నుంచి నా కాగితంలో చేతికి ఇంకో గడి గీస్తున్నాను.