మంచి ఎదురు

నా చిన్నప్పుడు, ఇంట్లో ఎవరికీ పని లేని కరువులో, నా ఒక్కదానికే ఖాయమైన పని ఉండేది. తెల్లవారకముందే లేచి, నిండు కడవ చంకన పెట్టుకుని, పని వెతుక్కుంటూ బయలుదేరే మా నాయనకు గడప బయట ఎదురు రావాలి. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. నిండు కడవతో ఆడపిల్ల ఎదురొస్తే తలపెట్టిన పని అవుతుందని నమ్మకం. నాయన నా ముఖం చూసేవాడు కాదు, మాట్లాడేవాడు కాదు. కడవలో నీళ్లు మాత్రం చూసుకుని వెళ్లిపోయేవాడు.

మాది కుందుర్పి వైపు మెట్ట పల్లె. వరుసగా రెండేళ్లు వేరుశనగ విత్తనం భూమిలోనే మాడిపోయింది. ఎద్దులను అమ్మేశాం. మిగిలిన దారి కరువు పని ఒక్కటే. ఎండిపోయిన చెరువులో పూడిక తీస్తే కూలి కింద గింజలు కొలిచేవారు. రోజూ పొద్దున మేస్త్రీ బండిలో గడ్డపారలు తెచ్చి దించి, కొందరి పేర్లు రాసుకునేవాడు. మిగిలినవాళ్లు వచ్చిన దారినే ఇంటికి.

నాయన పేరు రాయని రోజులే ఎక్కువ. ఎండ ముదరకముందే తిరిగొచ్చి అరుగు మీద కూర్చునేవాడు. కోప్పడేవాడు కాదు. "నీళ్లు తొణికినాయేమో పాపా" అనేవాడు మెల్లగా. ఆ మాటకంటే రెండు దెబ్బలు మేలు. మరునాడు గడప దాకా ఊపిరి బిగబట్టి నడిచేదాన్ని. మా పొయ్యి వెలగకపోవడానికి నా నడకే కారణమని నేను నిజంగా నమ్మాను.

ఇంట్లో ఇంకొకరికి దీనికి సరిగ్గా తిరగేసిన పని ఉండేది. ఆమె మా మేనత్త, నాయనకు అక్క. మొగుడు పోయాక మా ఇంటికి వచ్చేసింది. మగవాళ్లు వీధి దాటిపోయేదాకా ఆమె వెనక కొట్టంలోంచి బయటికి రాకూడదు. ఆమె ఎదురైతే పని చెడుతుందట. ఆమెకూ పని కావాలన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. అందరూ పోయాక బయలుదేరితే, ఆమె చెరువు చేరేసరికి పేర్లు రాయడం అయిపోయేది. "దానికి ఏనాడూ పని దొరకదు, దాని మొగం అట్లాంటిది" అనేవారు ఊళ్లో. తలుపు మూసిందీ వాళ్లే, ఆలస్యమైందని నవ్విందీ వాళ్లే.

ఒకరోజు నాకు జ్వరం వచ్చింది. అమ్మ నీళ్ల వంతు కోసం చీకటితోనే బావికి పోయింది. నాయన లోపల తలగుడ్డ చుట్టుకుంటున్నాడు. నేను లేవబోతే అత్త కొట్టంలోంచి వచ్చి నా భుజం పట్టి పడుకోబెట్టింది. కొంగు తల మీదికి లాక్కుని, కడవ ఎత్తుకుని, తానే గడప బయటికి పోయి ఎదురు నడిచింది. ఆ మసక వెలుతురులో నాయన అమ్మే అనుకున్నాడు. అలవాటుగా నీళ్లు చూసుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజు ఆయన పేరు రాశారు. సాయంత్రం గింజల మూటతో వచ్చి, "రేపట్నుంచి నువ్వే రా. నీ ఎదురు మంచిది" అన్నాడు అమ్మతో.

"నేనా? నేను బాయికాడ ఉంటి గదా" అంది అమ్మ.

ఇద్దరూ నా వైపు చూశారు. నేను అత్త వైపు చూశాను. అత్త ఆ గింజలనే చేటలో పోసుకుని చెరుగుతోంది. చెయ్యి ఆపలేదు.

"నేనే వస్తి. పాపకు ఒళ్లు కాలిపోతాండె. ఏం, నీ పేరు రాయలేదా?"

అత్తే మళ్లీ అడిగింది. "ఈ పొద్దు ఎన్ని గడ్డపారలు దించినారప్పా ఆడ?"

"నలభై."

"నిన్న?"

"పదో, పన్నెండో."

"అట్ల చెప్పు. నలభై దించితే నలభై మందికి పని, పది దించితే పదిమందికి. ఇన్నాళ్లూ పాప కడవలో ఏం చూస్తాంటివి? చేపలేమన్నా ఉండాయా?"

పెద్దయ్యాక శకునాల మీద, జాతకాల మీద ఎన్నో సభల్లో వాదించాను. పండితులతో తలపడ్డాను. ఇంతకంటే పొట్టి వాదన, గట్టి వాదన నాకు దొరకలేదు. మంచంలో పడుకునే విన్నాను. తొణికిన నీళ్ల పాపం నామీద నుంచి ఆ పూటే దిగిపోయింది.

మరునాడు నాయన కొట్టం ముందు నిలబడి, "రా అక్కా, పొద్దెక్కితే పేరు రాయరు" అన్నాడు. ఇద్దరూ వీధిన పడ్డారు. అప్పుడే ఇళ్లలోంచి బయలుదేరుతున్న మగవాళ్లు అత్తను చూసి ఆగిపోయారు. శకునం చెడితే వెనక్కి పోయి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని మళ్లీ బయలుదేరాలి. పద్ధతి తప్పకుండా అందరూ వెనక్కి పోయి కూర్చున్నారు. వాళ్లు చెరువు చేరేలోపు పక్క ఊరివాళ్లు వచ్చి గడ్డపారలు అందుకున్నారు. ముందే చేరినందుకు అత్త పేరు, నాయన పేరు రాశారు.

మూఢనమ్మకం తన సాక్ష్యాన్ని తానే పుట్టించుకుంటుందని ఆ రోజు కళ్లారా చూశాను. వాళ్ల పని పోయింది కూర్చున్నందుకు. తప్పు పడింది అత్త మీద.

సాయంత్రం పదిమంది దాకా మా అరుగు ముందుకు వచ్చారు. దుర్మార్గులు కారు. ఆకలితో ఉన్నవాళ్లు. నాకు మామ, చిన్నాయన వరస అయ్యేవాళ్లు.

"ఏమప్పా, ముండమోపిని ఎదురు తోలి, మా పిల్లోళ్ల కడుపు కొట్టి, మీరిద్దరూ గింజలు తెచ్చుకుంటిరే" అన్నాడు ఒకాయన.

"మీరు కూకోకుండా వచ్చింటే మీ పేర్లూ రాసుందురు" అంది అత్త లోపలినుంచి.

"ఆయమ్మను నోరు మూసుకోమను. రేపు ఆడ కనపడితే మేస్త్రీకి చెప్పి నీ పేరు గూడా కొట్టేపిస్తాం."

అందరూ నాయన వైపు చూశారు. నేనూ చూశాను. ఆయనకు అంతా తెలుసు. ఒక్క మాట చాలు: నిన్న నాకు ఎదురొచ్చింది ఈమే, నాకు పని దొరికింది. ఆ మాట ఆయన గొంతు దాకా వచ్చిందనే అనుకుంటాను. కానీ ఇంట్లో నాలుగు నోళ్లు. ఆయన పేరు కూడా పోతే గింజ లేదు.

"సరేలేప్పా. రాదులే" అన్నాడు.

అత్త రెండు రోజులు కొట్టంలోనే ఉంది. మూడో రోజు పొద్దున, మగవాళ్లంతా వీధిలో ఉన్నప్పుడే, వాళ్ల మధ్యలోంచి నడిచి రోడ్డు మీదికి పోయింది. బెంగళూరులో ఇళ్లు కట్టే పనికి మనుషులను తీసుకుపోయే లారీ ఎక్కింది. ఇటుకలు మోస్తున్నానని ఒకసారి ఎవరితోనో చెప్పి పంపింది. ఆ తర్వాత ఏ కబురూ లేదు. ఆమె వెళ్లిపోయాక చెరువులో గడ్డపారలు పెరగలేదు, తగ్గాయి. ఆ సంగతి ఊళ్లో ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు అనంతపురంలో మా వీధిలో డిగ్రీలు చేతపట్టుకున్న పిల్లలున్నారు. ఉద్యోగం రాలేదని ఒకడు పేరులో అక్షరం మార్చుకున్నాడు. ఒకమ్మాయి ఉంగరంలో రాయి మార్చింది. వాళ్ల జాతకమే అంతని కన్నవాళ్లే నా ముందు అంటారు. ఉన్న ఉద్యోగాలెన్ని, అడిగేవాళ్లెంతమంది అని ఎదురు అడుగుతాను. ఆ రెండో లెక్క చెప్పగలిగినవాళ్లు మొదటిది చెప్పలేరు. చెప్పాల్సిన సర్కారును పట్టుకుని అడగండయ్యా అంటే, ఈ ముసలిదానికి నోరెక్కువ అనుకుంటూ లేచిపోతారు.

నాయనను నేను ఏనాడూ తప్పు పట్టలేదు. ఆయన నోరు మూసింది ఆకలి. నేను రెండు పూటలా తింటున్నాను. నాకు ఆ సాకు లేదు.