ప్రిన్సిపాల్ చెప్పినా సరే

మా మేడమ్ చనిపోయారని సంగీత ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను సదాశివపేట ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉన్నాను.

"మేడమ్ పోయిందే. పొద్దుగాల నమాజ్ చేస్కొని లేస్తుంటె కూలవడ్డదంట. దవాఖానకు తీస్కపోయేలోపే..."

అంతకుమించి చెప్పలేకపోయింది. అవతల అది ఏడుస్తోంది. నాకు ఏడుపు రాలేదు. మొట్టమొదట నాకు ఏమనిపించిందో చెబితే మీరు నన్ను మంచిదాన్ని అనుకోరు. అయినా చెబుతాను. ఈమె పోయింది, ఆయన మాత్రం ఇంకా బతికే ఉన్నాడే అనుకున్నాను.

ఆయనంటే జహీరాబాద్‌లో మేం చదువుకున్న ఐటీఐకి అప్పటి ప్రిన్సిపాల్. మేడమ్ అక్కడ మాకు టర్నర్ ట్రేడ్ నేర్పారు. ఇనుప కడ్డీని లేత్ మిషన్‌కు బిగించి, అది గిర్రున తిరుగుతుంటే కావలసిన ఆకారానికి కోయడమే మా పని. పోయినవాళ్లను తలుచుకునేటప్పుడు బతికున్నవాళ్ల మీద కోపం పక్కన పెట్టాలంటారు. మేడమ్ విషయంలో అది కుదరదు. ఆ కోపం తీసేస్తే నేను చెప్పబోయే మేడమ్ సగమే మిగులుతారు.

నాది కోహీర్ పక్కన చిన్న ఊరు. సంగీతది రాయికోడ్ వైపు. ఇద్దరం పొద్దున్నే బస్సులు పట్టుకుని వచ్చేవాళ్లం. మేమెంత తొందరగా వచ్చినా మేడమ్ అప్పటికే బుర్ఖా తీసి బీరువాలో పెట్టి, ఖాకీ కోటు తొడుక్కుని, తలకు రుమాలు బిగించి కట్టుకుని వర్క్‌షాప్ తలుపు దగ్గర నిలబడి ఉండేవారు. అక్కడే తనిఖీ. జడ మడిచి టోపీలోకి దోపాలి. చున్నీ, గాజులు, ఉంగరాలు, గొలుసులు తీసి ఎవరి డబ్బాలో వాళ్లు పెట్టుకోవాలి. గోళ్లు పెరిగితే తాళాల గుత్తికి వేలాడే నెయిల్ కట్టర్‌తో ఆమే కత్తిరించేవారు. చంటిపిల్లల చేయి పట్టుకున్నట్టు పట్టుకునేవారు. మగపిల్లలకూ అంతే.

మొదటి రోజు నా మణికట్టుకు ఎర్రదారం ఉంది. మా అమ్మ మొక్కుకుని కట్టించింది. తీయనని మొండికేశాను.

"దేవుని దారం మేడమ్. తియ్యొద్దన్నది మా అమ్మ."

"తీసి జేబుల పెట్టుకో బేటా," అన్నారు. "దేవుడు జేబులకెల్లి గూడ చూస్తడు. మిషన్‌కే కండ్లు లేవు."

లోపలికి వెళ్లాక ఇంకో తంతు. మిషన్ తిరుగుతున్నంతసేపూ నోరు మెదపకూడదు, చేత్తో సైగ చేయాలి. ఇనుప తురుమును చేత్తో ముట్టకూడదు, బ్రష్‌తో ఊడవాలి. కొలత తీసుకోవాలంటే ముందు మిషన్ ఆపాలి. సాయంత్రం ఎవరి మిషన్ వాళ్లు గుడ్డతో తుడిచి, నూనె రాసి, ఆమెకు చూపించి పోవాలి. మధ్యాహ్నం రంపపు పొట్టుతో చేతులు రుద్దుకుని కడుక్కుంటే తప్ప అన్నం డబ్బా మూత తీయనిచ్చేవారు కాదు. మాతోనే కూర్చుని తినేవారు. ఆమె డబ్బాలోని పుల్లటి పప్పు, ఖట్టీ దాల్ కోసం మేం కొట్టుకునేవాళ్లం. ఆమె భర్త బజారులో దర్జీ. మా ఖాకీ కోట్లన్నీ ఆయనే కుట్టాడు. చేతులు మణికట్టు దగ్గర బిగుతుగా ఉండాలని, ఎక్కడా ఏదీ వేలాడకూడదని మేడమే దగ్గర కూర్చుని కుట్టించారట.

ఇన్ని రూల్సేంటని విసుక్కునేవాళ్లం. ఆమె మాత్రం విసుక్కునేవారు కాదు. ఏ రోజుకారోజు కొత్తగా చెప్పేవారు.

ఒకరోజు పెద్దవాళ్లెవరో ఇన్‌స్పెక్షన్‌కు వస్తున్నారన్నారు. కంపెనీల వాళ్లు, నాయకులు. ముందురోజే ప్రిన్సిపాల్ మేడమ్‌ను ఏదో ఆఫీసు పని మీద సంగారెడ్డి పొమ్మన్నాడు. పొద్దున్నే అమ్మాయిలందరినీ వరసగా నిలబెట్టాడు. మా అవతారాలు చూసి మొహం చిట్లించాడు.

"ఏందమ్మా ఈ కోట్లు, ఈ టోపీలు? పెద్దోళ్లు వస్తున్నరు. ఆడపిల్లలు పద్ధతిగ కనవడాలె. కోట్లు తీసి మంచిగ చున్నీలు వేస్కోండ్రి."

సంగీత ఊరుకోలేదు. "సార్, చున్నీతోని మిషన్ కాడికి పోవద్దని మేడమ్ చెప్పింది."

"మేడమ్ లేదు కదా ఇయ్యాల. నేను చెప్తున్న. ఫోటో కోసమే, జర సేపు."

వచ్చినవాళ్లకు చూపించడానికి మిషన్లు నడిపించమన్నాడు. ఫోటో తీసేవాడు సంగీతను ఇంకొంచెం ముందుకు వంగమన్నాడు. అది వంగింది. చున్నీ కొస కడ్డీకి చుట్టుకుంది. నేను పక్క మిషన్ దగ్గరే ఉన్నాను. పరుగెత్తి దాని మిషన్ స్విచ్ ఆపాను. ఆ లోపే మెడ మీంచి చున్నీ లాక్కుపోతుంటే సంగీత దాన్ని కుడిచేత్తో పట్టుకుంది. ఆ చెయ్యి లోపలికి పోయింది.

రెండు వేళ్లు పోయాయి. మిగిలినవి ఇప్పటికీ వంగవు.

ఆ సాయంత్రం దవాఖాన వరండాలో సంగీత నాన్నతో ప్రిన్సిపాల్ చెప్పిన మాట నా చెవులతో విన్నాను. "పిల్లదే నిర్లక్ష్యం. వదులు బట్టలు వేస్కోవద్దని వర్క్‌షాప్ గోడ మీద పెద్దక్షరాలతో రాసే ఉన్నది. కావాలంటే వచ్చి చూస్కోండ్రి." నేను మీదికి పోయాను. "మీరే కదా సార్ వేస్కొమ్మన్నరు!" అని అరిచాను. మా బ్యాచ్ అమ్మాయిలందరూ అదే చెప్పారు. "పిల్లలు భయపడ్డరు, ఏదేదో అంటున్నరు," అన్నాడు. పైవాళ్లు ఆయన మాటే నమ్మారు.

మేడమ్ సంగారెడ్డి నుంచి బస్సు దిగి నేరుగా దవాఖానకు వచ్చారు. మంచం పక్కన నిలబడి, కట్టుకట్టిన చేతిని ముట్టుకోకుండా చాలాసేపు చూశారు. ఏడవలేదు. మా అందరినీ ఒక్కొక్కరినే పిలిచి ఏం జరిగిందో అడిగి, తల ఊపి వెళ్లిపోయారు.

మరుసటి రోజు పొద్దున మేం వెళ్లేసరికి ఆమె స్టూలెక్కి ఉన్నారు. చేతిలో ఎర్ర రంగు డబ్బా, కుంచె. గోడ మీద 'వదులు దుస్తులతో మిషన్ ముట్టరాదు' అన్న పాత రూల్ కింద, అంతకంటే పెద్దక్షరాలతో ఇంకో ముక్క రాస్తున్నారు. 'ప్రిన్సిపాల్ చెప్పినా సరే.'

ఆయన వచ్చి చూశాడు. మొహం ఆ రంగులోకే మారింది.

"ఏం మేడమ్ ఇది? తుడిపెయ్యండి."

"రూల్ సార్. పిల్లల నిర్లక్ష్యం ఉండొద్దని రాసిన."

ఆయన అటెండర్‌తో తుడిపించాడు. ఆమె మళ్లీ రాశారు. మళ్లీ తుడిపించాడు, మెమో ఇచ్చాడు. మెమో మడిచి కోటు జేబులో పెట్టుకుని మళ్లీ రాశారు. చివరికి దసరా సెలవుల్లో గోడ మొత్తానికి సున్నం కొట్టించాడు. సెలవులయ్యాక తెల్లగా మెరుస్తున్న ఆ గోడ చూసి మాకు ఒళ్లు మండింది. మేడమ్ మాత్రం నవ్వారు.

"గోడకు సున్నం కొడ్తడు. మీ నోటికి ఎట్ల కొడ్తడు?"

ఆ రోజు నుంచి తనిఖీ చివర ఇంకోటి మొదలైంది. తలుపు తెరిచే ముందు ఆమె గట్టిగా అడిగేవారు. "వదులు బట్టలతోని మిషన్ ముడ్తరా?" "ముట్టం!" "ఎవరు చెప్పినా?" "ప్రిన్సిపాల్ చెప్పినా!" మిషన్ల రొదలో బతికిన మనిషి కదా, ఆమె గొంతు ఎట్లాగూ పెద్దదే. మేం కావాలనే ఇంకా పెద్దగా అరిచేవాళ్లం. ఆయన గది ఆ పక్కనే. రోజూ ఆయన చాయ్ తాగే వేళకు ఈ కేక వినపడేది. ఆ కిటికీ మూసుకునే చప్పుడు మాకెంత తియ్యగా ఉండేదో ఇప్పటికీ గుర్తే. మా తర్వాత వచ్చిన బ్యాచ్ కూడా అదే చెప్పింది. దాని తర్వాతది కూడా. ఆయనకు బదిలీ అయింది, తర్వాత రిటైరయ్యాడు. తలుపు దగ్గర మాట మాత్రం మారలేదు.

సంగీత మళ్లీ ఆ గేటు లోపలికి రానంది. మేడమ్ బలవంతం చేయలేదు. ఆదివారం వస్తే తానే రాయికోడ్ బస్సెక్కేవారు. సంగీత ముందు డ్రాయింగ్ షీటు పరిచి, ఎడమచేతికి పెన్సిల్ ఇచ్చి గీతలు గీయించేవారు. మొదట్లో అది పెన్సిల్ విసిరికొట్టేది. ఆమె లేచి తీసుకొచ్చి మళ్లీ ఇచ్చేవారు. ఇప్పుడు సంగీత ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. ఎడమచేత్తో అది గీసే గీతకు వంక పెట్టేవాళ్లు లేరు.

ఒకసారి సంగీత, ఆ ప్రిన్సిపాల్‌ను మాఫ్ చేసేస్తే మనసు తేలికవుతుందని ఎవరో చెప్పారని మేడమ్‌తో అంది. మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఆయన అడిగిండా?"

"లేదు."

"అడగనోనికి ఎట్ల ఇస్తవ్ బేటా? అడిగినా ఇయ్యాలనేం లేదు. అది నీది. నీ ఇష్టం."

ఆ తర్వాత కొన్నేళ్లకు కొత్త ప్రిన్సిపాల్ ఒకాయన వచ్చి వార్షికోత్సవం పెట్టాడు. జరిగిన సంగతి తెలియక ఆ పాత ప్రిన్సిపాల్‌నే ముఖ్య అతిథిగా పిలిచాడు. పాత విద్యార్థులనూ పిలిచారు. మేడమ్ సంగీతకు ఫోన్ చేసి ఒకే మాట అన్నారట: "ఈ ఒక్కసారి లోపలికి రా. నా పక్కన నిలవడు."

శాలువా కప్పారు, దండ వేశారు. తర్వాత ఆయన వర్క్‌షాప్‌లో లేత్ మీద చేయి వేసి ఫోటో దిగాలని కొత్త ప్రిన్సిపాల్ అన్నాడు. వాళ్లంతా తలుపు దగ్గరికి వచ్చేసరికి మేడమ్ అడ్డంగా నిలబడి ఉన్నారు. ఖాకీ కోటు, రుమాలు. వెనక పిల్లలు వరసలో.

"సార్, శాల్వ తీసి రండ్రి."

"ఫోటో కోసమే కదమ్మా, జర సేపు," అన్నాడాయన నవ్వుతూ. ఏ మాట అంటున్నాడో ఆయనకు తెలియలేదు.

మేడమ్ పిల్లల వైపు తిరిగారు. "ఎవరు చెప్పినా?"

"ప్రిన్సిపాల్ చెప్పినా!" వర్క్‌షాప్ రేకులు అదిరాయి.

ఆయన శాలువా తీశాడు. "దండ," అన్నారు మేడమ్. దండ తీశాడు. "గడియారం సార్." తీశాడు. "ఉంగరాలు." వేళ్లు లావెక్కాయేమో, ఉంగరం రాలేదు. అందరూ చూస్తుండగా తిప్పి తిప్పి లాగాడు. ఆమె తొందరపెట్టలేదు. నిలబడి ఎదురుచూశారు. ఆ ఆలస్యాన్ని ఆమె ఎంత ఇష్టంగా అనుభవిస్తున్నారో నాకు తెలుసు. నేనూ అంతే ఇష్టంగా అనుభవించాను.

అప్పుడు ఆమె పక్కకు జరిగారు. వెనక సంగీత. కుడిచెయ్యి పైట కింద దాచుకోకుండా ముందుకు పెట్టుకుని నిలబడింది.

"ఈ పిల్ల యాదికున్నదా సార్? నిర్లక్ష్యం జేసిన పిల్ల. చున్నీ వేస్కొమ్మని ఆనాడు ఎవరు చెప్పిన్రో జర మా పిల్లలకు చెప్పున్రి. రోజు గదే అడుగుతరు నన్ను."

ఆయన పెదాలు తడుపుకున్నాడు. "నేనే చెప్పిన," అన్నాడు నేల చూస్తూ.

"వెనుకోళ్లకు వినవడలేదు సార్."

"నేనే చెప్పిన!"

మేడమ్ దారి వదిలారు. ఆయన లోపలికి రాలేదు, ఫోటో దిగలేదు. ఉంగరాలు గుప్పిట్లో పట్టుకుని వెనక్కి నడిచాడు.

ఆ సాయంత్రం నేను సంబరంగా అడిగాను, "మనసు చల్లవడ్డదా మేడమ్?" అని.

"లేదు," అన్నారు, కోటు గుండీలు విప్పుకుంటూ. "ఆయన పిల్లలకు చెప్పిండు. ఈ పిల్లకు ఏం జెప్పలె."

మొన్న మేమిద్దరం ఆమె ఇంటికి వెళ్లేసరికి మగవాళ్లు అప్పటికే జనాజా ఎత్తుకుని మట్టి ఇవ్వడానికి పోయారు. ఆడవాళ్ల మధ్య కూర్చున్నాం. ఆమె కోడలు మా చేతులు పట్టుకుని, "మీ పేర్లు రోజు వచ్చేటివి మా ఇంట్ల," అంది. నాకు అప్పుడు వచ్చింది ఏడుపు. వరండాలోకి వచ్చి చూస్తే అక్కడ కుర్చీలో ఆయన ఉన్నాడు. ముసలివాడయ్యాడు. ఎవరో చాయ్ ఇస్తే తాగుతున్నాడు. సంగీత ఆయన ముందు నుంచే చెప్పులేసుకుని వచ్చింది. చూశాడు. గ్లాసులోకి తల దించుకున్నాడు.

సంగీతను ఆ రాత్రికి నా దగ్గర ఉంచుకుందామని సదాశివపేట పోయే బస్సెక్కించాను. అది కిటికీ పక్కన, నేను ఇటు చివర, మధ్య సీట్లో దాని బ్యాగు. బస్సు కిక్కిరిసింది. బయలుదేరుతుండగా ఆయన ఎక్కాడు. జనం తోసుకొచ్చి మా సీటు పక్కనే నిలబెట్టారు. కాసేపు అటూ ఇటూ చూశాడు. తర్వాత వంగి, నాతో కాదు, దాంతోనే అన్నాడు.

"సంగీతా, జర బ్యాగు తియ్యవా అమ్మా? మోకాళ్లు నొస్తున్నయ్."

పేరు గుర్తుంది ఆయనకు. ఇన్నేళ్లలో దాన్ని ఆయన అడిగింది ఇదొక్కటే.

సంగీత బ్యాగు మీద చెయ్యి వేసి ఉంచింది. కండక్టర్ టికెట్లు కొడుతూ మా దగ్గరికి వచ్చాడు. మేమిద్దరం ఆధార్ కార్డులు చూపించి ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్లు తీసుకున్నాం. "అమ్మా, బ్యాగు ఒళ్లె పెట్టుకో. పెద్దాయన నిలవడ్డడు," అన్నాడు కండక్టర్.

సంగీత పర్సు తీసింది. "ఇంకోటి కొట్టన్నా, ఫుల్ టికెట్. పైసలిస్త."

"ఎవరికి?"

"బ్యాగుకు."

కండక్టర్ దాని మొహం చూశాడు, పర్సు పట్టుకున్న చెయ్యి చూశాడు, ఆయన్ని చూశాడు. టికెట్ కొట్టాడు. సంగీత ఆ టికెట్‌ను బ్యాగు జిప్పులో సగం బయటికి కనపడేట్టు దోపి, కిటికీ వైపు తిరిగింది. బయట చెరకు తోటలు మొదలయ్యాయి. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా ఆయన రెండు చేతులతో పైకడ్డీ పట్టుకుని ఊగుతున్నాడు. కిటికీ గాలికి సీట్లో ఆ టికెట్ ముక్క రెపరెపలాడుతోంది.