దగ్గు లేని పద్యం

ముందు పోయినవి లెక్క వేస్తాను. లక్కతో చేసిన పాత గ్రామఫోన్ ప్లేట్లు ఆరు. వైపులు పన్నెండు. అంతా కలిపితే ముప్పావు గంట పాట కూడా లేదు. పదకొండేళ్లుగా నేను మోస్తున్న బరువు ఇంతే. పదకొండు వైపుల్లోని పాటలు మళ్లీ విడుదలయ్యాయి, ఎక్కడైనా దొరుకుతాయి. పన్నెండోదాని కోసం మద్రాసు దాకా వెతికించాను. దొరకలేదు.

మట్టెవాడలో మా వీధివాళ్లు రేడియో కొన్నా, రికార్డ్ ప్లేయర్ కొన్నా ముందు నన్ను అడిగేవారు. నేను చదివింది తక్కువ. కానీ ఏ స్పీకరుకు పెట్టే డబ్బు దండగ, మళ్లీ విడుదలైన పాత పాటల్లో ఏ ప్లేటు నిమిషానికి చవక, కాగితం మీద తేల్చి చెప్పేవాణ్ణి. వినేవాణ్ణి కాదు. లెక్క కుదిరాక చెవులతో పనేముంది అనుకునేవాణ్ణి.

పక్కింటి రాజమ్మక్కది మగ్గం నేసే ఇల్లు. వాళ్లమ్మ నాటకాల్లో చెలికత్తె వేషాలు వేసేది. అక్క దగ్గరున్న ఆ ఆరు ప్లేట్ల నాటకంలో ఒక వైపు వాళ్లమ్మ పద్యం ఉంది. గడియారం పెట్టి చూశాను, మూడు నిమిషాల పది సెకన్లు. చివర రాగం తీసేముందు చిన్న దగ్గు మింగుతుంది. ఆ దగ్గుతోనే ఆ ఏడాది పోయిందట. అప్పటికి అక్కకు నాలుగేళ్లు. ఇంట్లో ఫొటో కూడా లేదు. ఆ పద్యమే ఉంది.

ఒకరోజు అక్క గ్రామఫోన్ స్ప్రింగు తెగింది.

"జర చూసి చెప్పు తమ్మీ. పాటను గూడ తరాజుల పెట్టి తూచెటోనివి గద! దీన్ని బాగు చేయించాల్నా, కొత్త మిషిన్ కొనాల్నా?"

లెక్క వేశాను. అదే నాటకం ఒక్క పెద్ద ప్లేటుగా మళ్లీ వచ్చింది. పాతవి ఇస్తే దుకాణంలో ధర తగ్గిస్తారు, లక్క కోసం కరిగించేవాళ్లకు అమ్ముకుంటారు. కొత్త మిషిన్ కొని, పాతవి ఇచ్చెయ్యమన్నాను. ఆరూ నేనే మోసుకెళ్లాను.

దుకాణంలో కొత్త ప్లేటు పెట్టి వినిపించారు. ఆ పద్యం వచ్చింది. గొంతు దగ్గర దగ్గరగా ఉంది, కానీ వేరు. పాత అచ్చు చెడిపోతే ఆ ఒక్కటీ ఎవరితోనో మళ్లీ పాడించి కలిపారట. పాతవి ఇంకా బల్ల మీదే, నా చేతికందే దూరంలో ఉన్నాయి. ఎందుకు తీసుకోలేదు? నా మాట మీద కొనడానికి వచ్చినవాళ్లు చుట్టూ ఉన్నారు, వాళ్ల ముందు నా లెక్క తప్పిందనడానికి నోరు రాలేదు అని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను, కానీ అసలు సంగతి అంతకన్నా నీచం. ఆమెకు తేడా తెలియదులే అనుకున్నాను.

తెలిసింది. ఆ సాయంత్రమే, ఇంట్లో కొత్త ప్లేటు పెట్టగానే.

"అమ్మ దగ్గుతది గద తమ్మీ. దీంట్ల దగ్గు వినవడ్తలేదు."

"అది దగ్గు కాదక్కా. పాత ప్లేటు మీద గీత. కొత్త మిషిన్ల గీతలు రావు."

"గీతనా?" ముల్లు ఎత్తి పద్యాన్ని మళ్లీ మొదటికి పెట్టింది. "గిన్నేండ్లు దగ్గనుకున్న. ఎంత పిచ్చిదాన్ని!"

నవ్వింది. అప్పటికీ ప్లేట్లు దుకాణంలోనే ఉన్నాయి. కరిగించేవాడు మర్నాడు వచ్చాడు.

ఇప్పుడు అక్క మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని "గిది మా అమ్మ" అని ఆ ప్లేటు వినిపిస్తుంది. గోడకు ఇవతల నేను వింటాను. చెబితే ఆమెకు ఆ తల్లి కూడా పోతుంది. ఇది కారణమా, సాకా? తేల్చలేకపోయాను. మీకు చెప్పాను. క్షమించమని అడగను. లెక్క ఒక్కచోటైనా సరిగ్గా ఉండాలి.

ఆమెకు నేను ఇంకా బాకీ: మూడు నిమిషాల పది సెకన్లు. అందులో ఒక దగ్గు.