కళ్లు మూస్తే మారిపోయే గొంతు

అది 1971. చోడవరంలో సంఘకాపరులను తయారుచేసే ఒక చిన్న బైబిల్ స్కూల్లో నేను ట్యూటర్‌గా పనిచేస్తున్నాను. రెండు తరగతి గదులు, ఒక చాపెల్, వెనకాల హాస్టల్. పైన రేకులు కావడంతో గట్టి వాన పడితే పాఠం ఆపేసి కూర్చునేవాళ్లం.

పాస్టరు కావాలంటే బైబిలు బట్టీ పడితే చాలనుకుంటారు చాలామంది. ఆ పాఠాలు చెప్పడానికి వేరే మాస్టార్లు ఉండేవారు. నా సబ్జెక్టు పేరు స్పిరిచువల్ ఫార్మేషన్, అంటే మనిషిలో భక్తి వేళ్లూనేలా చూడటం. తెల్లవారగానే ఎవరికి వారు మౌనంగా వాక్యం చదువుకునే క్వయట్ టైమ్, ఆ తర్వాత చాపెల్‌లో అందరి ప్రార్థన, శనివారాలు ఊళ్లలో జనం మధ్య తిరిగే ఫీల్డ్ వర్క్, ఇవన్నీ నా అజమాయిషీలో జరిగేవి. ప్రసంగం తయారుచేసే విద్యకు మార్కులు వేయొచ్చు గానీ భక్తికి ఎలా వేస్తాం? అందుకే నేను వాళ్ల ప్రార్థన వినేదాన్ని. పాఠం అప్పజెప్పేటప్పుడు దాగే మనిషి ప్రార్థనలో ఎక్కడో ఒకచోట బయటపడతాడు.

ఆ జూన్‌లో యాకోబు వచ్చి చేరాడు. వడ్డాది అవతల ఒక పల్లె అతనిది. ఇరవై నాలుగేళ్లుంటాయి. తండ్రితో కలిసి చేస్తున్న కౌలు సేద్యం వదిలేసి, పెళ్లాన్ని పుట్టింట్లో ఉంచి వచ్చాడు. వాళ్ల ఊరి గుడిని, అంటే చర్చిని, కట్టించి నడిపించిన విదేశీ మిషనరీ ఒకామె ఉండేది. ఊరంతా ఆమెను దొరసానమ్మ అనేవాళ్లు. వయసు మీదపడి ఆమె తన దేశం వెళ్లిపోయాక ఆ గుడికి పాస్టరు లేడు. యాకోబు చదువు పూర్తిచేసి వస్తే అతన్నే పెట్టుకుంటామని సంఘపెద్దలు మా ప్రిన్సిపాల్‌గారికి ముందే చెప్పి ఉంచారు.

మొదటి వారంలోనే చాపెల్‌లో ప్రార్థన చేసే వంతు అతనికి వచ్చింది. లేచి నిలబడి కళ్లు మూసుకుని "ప్రేమగల టండ్రీ, మేము నీ పాడముల డగ్గరకు వచ్చుచున్నాము" అన్నాడు. వెనక బెంచీల్లోంచి కిసుక్కుమన్నారు. అతను ఆగలేదు. "మా మీడ డయ ఛూపుము" అని అచ్చం దొరసాని యాసతో ఆమెన్ దాకా లాక్కొచ్చి, నిమ్మళంగా కూర్చున్నాడు.

నాకు ఒళ్లు మండింది. వెళ్లిపోయిన పెద్దావిడను వెక్కిరిస్తున్నాడనుకుని బయటికి పిలిచి చివాట్లు పెట్టాను. అతను తెల్లబోయాడు. ఏం తప్పు చేశాడో అతనికి నిజంగానే తెలియలేదు. నేను ఆ మాటలు పలికి చూపిస్తే వింతగా విన్నాడు. కాసేపటికి అసలు సంగతి అర్థమైంది. అతను పుట్టినప్పటి నుంచి ఆ ఊళ్లో ప్రార్థన అన్నది ఆమె ఒక్కతే చేసింది. మిగతావాళ్లు తలవంచుకుని ఆమెన్ అనేవాళ్లు.

"దేవుడితో మాటాడ్డం అంటే అలాగే పలకాలనుకున్నానండి" అన్నాడు. "మన మాట ఆయన కాడ మర్యాదగా ఉండదు కదండీ."

నవ్వొచ్చింది, జాలీ వేసింది. ఇరవై ఏళ్లు మోకరించిన మనిషి ఒక్కసారి కూడా తన నోటితో తాను మాట్లాడలేదు.

సరే, ముందు ఉచ్చారణ సరిచేద్దామనుకున్నాను. సాయంత్రం నా వరండాలో కూర్చోబెట్టి తండ్రి, దయ, పాదము అని చెప్పిస్తే చక్కగా చెప్పేవాడు. కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టగానే మళ్లీ టండ్రీ. కళ్లు తెరుచుకునే చెయ్యమన్నాను. నోరే పెగల్లేదు. ఇలా వర్షాకాలం అంతా గడిచింది. నేర్పిన చదువు నేర్పినట్టే ఉంది, గొంతు మాత్రం దొరసానిదే.

ప్రిన్సిపాల్‌గారు నెమ్మదస్తులు. అతని జోలికి పోవద్దన్నారు. అక్కడి సంఘపెద్దలకు ఆ యాసే ఇష్టమట, సెలవులకు వెళ్లినప్పుడు యాకోబు ప్రార్థన చేస్తే దొరసానమ్మ తిరిగొచ్చినట్టుందని పొంగిపోతున్నారట, వాళ్లకు లేని బాధ మనకెందుకు అన్నారు. నేను ఒప్పుకోలేదు. రేపు ఆ ఊళ్లో ఒక బిడ్డ పోతే ఆ తల్లి పక్కన కూర్చుని ఇతను ఎవరి గొంతుతో ఏడుస్తాడండీ అని అడిగాను. మా స్కూల్లో ట్యూటర్ సిఫారసు లేనిదే ఎవరికీ సంఘం అప్పగించరు. తన గొంతుతో ప్రార్థన చేసేదాకా సిఫారసు చెయ్యనని అక్కడే చెప్పేశాను. పట్టిన పట్టు విడవని మనిషినని నాకు పేరు ఎలాగూ ఉంది, దాన్ని పోగొట్టుకోవడం ఎందుకు?

ఆయన కొంచెం ఆలోచించి గడువు పెట్టారు. చెరకు సీజన్ అయ్యేలోగా అతని ఊరి గుడిలోనే ఆరాధన నడిపించాలి. మేమిద్దరం వెళ్లి వింటాం. నేను సరేనంటేనే ఉద్యోగం. లేకపోతే ఆ సంఘానికి ఇంకొకరిని పంపుతారు, యాకోబు మళ్లీ కౌలు పొలానికి వెళ్లాలి.

మర్నాడు యాకోబును పిలిచి, నేను చెప్పేదాకా పైకి ప్రార్థన చెయ్యొద్దన్నాను. చాపెల్‌లో కూడా వద్దన్నాను. అతని మొహం ఎర్రబడింది.

"పాస్టరు ట్రైనింగ్‌కొచ్చినోడిని ప్రార్థన మానీమంటారేటండి? మా ఊళ్లో నాను ఏటని సెప్పుకోను?"

"మానమనలేదు. లోపల చేసుకో. నీకు వినపడకుండా చేసుకో" అన్నాను.

అతనికి ఇంకో పని అప్పజెప్పాను. అప్పుడే గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు క్రషింగ్ మొదలైంది. చెరకు బండ్లు ఫ్యాక్టరీ ముందు రోడ్డు పొడుగునా బారులు తీరి తూకం కోసం కాచుకునేవి. ఆ బండ్ల వాళ్లతో కూర్చోవడమే శనివారాల్లో అతని ఫీల్డ్ వర్క్. వాక్యం చెప్పకూడదు, పాట పాడకూడదు, ఊరికే మాట్లాడాలి, వాళ్లు చెప్పింది వినాలి. తిరిగొచ్చి వాళ్లు ఏ మాట అన్నారో ఆ మాటే నాకు చెప్పాలి. తోటి విద్యార్థులు ఆటపట్టించారు. చెరకు తినడానికి వెళ్తున్నావా, ఆత్మల్ని రక్షించడానికా అని. నన్ను కూడా చాటున ఏవో అనుకునే ఉంటారు.

మొదట్లో అతను వచ్చి "ఒక సహోదరుడు తన కష్టములను వివరించెను" అనేవాడు. కష్టములంటే ఏమిటి, అతను అన్న మాట చెప్పు అనేదాన్ని. తల గోక్కుని చెప్పేవాడు. నేను ఒక్క పుస్తకం మాట కూడా పడనిచ్చేదాన్ని కాదు. పోనుపోను తన మాట తనకే తెలియకుండా వచ్చేసింది. సంక్రాంతి దాటాక అతను చెప్పే కబుర్లకు మా వంటమనిషి కూడా వచ్చి గుమ్మంలో నిలబడేది.

ఒక శనివారం పొద్దు వాలాక వచ్చాడు. బట్టల నిండా మట్టి. దేవరాపల్లి వైపు నుంచి వచ్చిన ఒక బండి ఎద్దు వరసలోనే కూలబడిపోయిందట. అందరూ తలో చెయ్యీ వేసి లేపబోయారట. అది లేవలేదు. బండాయన కొరడా పారేసి, దాని మెడ కింద చెయ్యేసి కూర్చుని మాట్లాడటం మొదలెట్టాడట. లేత్తావేటి నాయినా, నీకేటయింది, నిన్ను కొట్టను, నువ్వు లేకపోతే నాకెవుడున్నాడు అని. ఎంతసేపో మాట్లాడాడట. చివరికి ఎద్దు లేచిందట.

ఇదంతా చెప్పి యాకోబు మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"ఆయన ఎద్దుతో మాటాడినట్టు నాను దేవుడితో ఒక్కనాడూ మాటాడలేదండి" అన్నాడు.

అతను కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. ఇదిగో, మళ్లీ టండ్రీ అంటాడేమోనని భయపడ్డాను.

"బాబూ" అన్నాడు. వాళ్ల వైపు తండ్రిని పిలిచే పిలుపు అది. "నాకు మాట రాదు. నువ్వే సూసుకో."

అంతే. ఆమెన్ కూడా అనలేదు. నేను కళ్లు తుడుచుకుని, అతనికి కనిపించకూడదని లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చాను.

మార్చిలో ఒక ఆదివారం ప్రిన్సిపాల్‌గారూ నేనూ ఆ పల్లెకు వెళ్లాం. చిన్న గుడి నిండా జనం, మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క చాపల మీద కూర్చున్నారు. యాకోబు పెళ్లాం, తండ్రి ముందు వరసలో ఉన్నారు. గాబ్రియేలుగారని సంఘపెద్ద, తెల్లటి పంచె కట్టుకుని మాకు వందనాలు చెప్పి కుర్చీలు వేయించారు. తమ కుర్రాడి ప్రార్థన వినడానికి ఆయన ముచ్చటపడుతున్నారని మొహంలోనే తెలుస్తోంది.

పాట అయ్యాక యాకోబు నిలబడ్డాడు. "బాబూ, మేం వచ్చేం. ఈ ఏడు వానలు సరిగ్గా లేవు, నీకూ తెలుసు. సూరమ్మ గుంటకి జొరం తగ్గలేదు. మాకు బయ్యంగా ఉంది. మమ్మల్ని ఒగ్గీసి ఎల్లిపోకు" అన్నాడు. అలాగే సాగింది.

జనం ఒక్కొక్కరే కళ్లు తెరిచారు. ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. అయ్యాక ఆమెన్ అన్నవాళ్లు నలుగురైదుగురే.

గాబ్రియేలుగారు లేచారు. ఆయనకు కోపం కంటే అవమానం ఎక్కువైందనుకుంటాను, మా ఎదుట అలా జరిగినందుకు. ఇది ప్రార్థనలా లేదని, అరుగు మీద కబుర్లలా ఉందని, చదువుకు పంపిస్తే ఉన్నదీ పోగొట్టుకొచ్చాడని అన్నారు. తర్వాత యాకోబు వైపు తిరిగి మెత్తగానే చెప్పారు.

"బాబూ, ఇంకోపాలి సెయ్యి. దొరసానమ్మ సేసినట్టు సెయ్యి. లేకపోతే మేం ఇంకో అయ్యగారిని అడుక్కుంటాం."

ప్రిన్సిపాల్‌గారు నా వైపు చూశారు. నేను తల తిప్పలేదు. ఆ క్షణంలో యాకోబు ఒక్కసారి టండ్రీ అంటే చాలు, ఊరూ ఉద్యోగమూ అతనివే. పెళ్లాం అతని వైపే చూస్తోంది. తండ్రి చెయ్యి ఊపి కానీ కానీ అంటున్నాడు. నేనైతే ఇన్నాళ్లు పంతం పట్టాను గానీ, అతను లొంగిపోతే తప్పుపట్టగలనా అని నాకే అనుమానం వచ్చింది.

యాకోబు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆ గొంతు నాది కాదు పెదనాన్నా. దొరసానమ్మది. ఆయమ్మ తనతో అట్టుకెల్లిపోనాది. నా కాడ ఉన్నది ఇదే. ఇది సాలదంటే ఇంకోరిని తెచ్చుకోండి, నాను వెనకాల కూకుని ఆమెన్ అంటాను."

ప్రిన్సిపాల్‌గారు గొంతు సవరించుకుని ఏదో సర్దిచెప్పబోయారు. ఇంతలో ఆడవాళ్ల వైపు నుంచి, గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని కూర్చున్న ఒక ముసలామె మాట్లాడింది. బాప్తిస్మంలో ఆమెకు హన్నమ్మ అని పేరు పెట్టారట గానీ ఊరందరికీ అప్పలమ్మే. ఆ గుడి కట్టినప్పటి నుంచీ వస్తోందని తర్వాత తెలిసింది.

"ఒరే యాకోబూ, ఇలాగ మాటాడినా ఆయనకి తెలుత్తాదేట్రా?"

"తెలుత్తాది అత్తా."

"నాను మాటాడినా?"

"నువ్వు మాటాడినా."

ఆమె కొంగు తలమీదకు లాక్కుంది. కళ్లు మూసుకుంది. అందరం ఆమెనే చూస్తున్నాం.

"బాబూ" అంది. "నాను అప్పలమ్మని. సింహాచలం పెళ్లాన్ని. గుమ్మం కాడ కూకుంటాను కదా, ఆ మనిషిని. ఇన్నేళ్లూ నీతో మాటాడలేదని కోపం ఉంచుకోకు. నాకు సెయ్యొచ్చని తెలీదు."

నేను ఏడ్చేశాను. ఎవరైనా చూస్తున్నారా లేదా అని కూడా పట్టించుకోలేదు. ఆమె తర్వాత పక్కనున్న ఆడమనిషి మొదలుపెట్టింది. తర్వాత ఇంకొకామె. జ్వరంగా ఉన్న పిల్ల తల్లి సూరమ్మ ఒక్క మాట అని మిగతాది ఏడ్చింది. మగవాళ్ల వైపు యాకోబు తండ్రి తన కొడుకును చూసుకోమన్నాడు. ఎండ నడినెత్తికి వచ్చినా ఎవరూ లేవలేదు. చిట్టచివర గాబ్రియేలుగారు మోకరించి "ప్రేమగల టండ్రీ" అని మొదలుపెట్టారు. ఒక్కరు కూడా నవ్వలేదు. ఆయన ప్రార్థన ఆయనది, అంత వయసులో మార్చుకొమ్మని నేనెందుకు అనాలి?

తిరుగు దారిలో ప్రిన్సిపాల్‌గారు సిఫారసు సంగతి అడగను కూడా లేదు. యాకోబు ఆ సంఘంలోనే చేరి చాలా ఏళ్లు పనిచేశాడు. వాగ్ధాటిలో అతన్ని మించినవాళ్లు మా స్కూల్లో ఎంతోమంది తయారయ్యారు. వాళ్ల ప్రార్థనలు విని మురిసిపోయి నేనూ మంచి సిఫారసులే రాశాను.

కానీ ఆ ఆదివారం తర్వాత నా పని తీరు మారింది. మా దగ్గర చదివి వెళ్లిన పాస్టరు ఏడాదికో రెండేళ్లకో కనబడినప్పుడు, గుడి ఎంత పెరిగింది, ఎంతమంది వస్తున్నారు అని అడగడం మానేశాను. ఒక్కటే అడిగేదాన్ని: "నువ్వు కాక అక్కడ ఇంకెవరు నోరు విప్పారు బాబూ?" కొందరు చాలా పేర్లు చెప్పేవారు. కొందరు నేల చూపులు చూసేవారు. వాళ్లను మాత్రం ఆ వారమే మళ్లీ నా వరండాకు రమ్మనేదాన్ని.